గుప్పెడు బియ్యం ఎవరి పేరున?

మా పిల్లలకి అన్నం తినడం రాదని శాఖవారు కనిపెట్టేసరికి నా రిటైర్‌మెంటుకి ఇంకా పదకొండు నెలలున్నాయి. ఇరవై తొమ్మిదేళ్లు వార్డెన్‌గా పనిచేసి కూడా, ఆకలేసినవాళ్లు కడుపు నిండా తినేదే అన్నం అనే మూఢనమ్మకంలో బతికేశాను. ఆ నమ్మకాన్ని వదలగొట్టిన మహానుభావుడు మా జాయింట్ డైరెక్టరు అనంతపద్మాకరం గారు.

మాది ప్రభుత్వ బాలికల క్రీడా వసతి గృహం. గోదావరి కాలవ గట్టున రెండు రేకుల షెడ్లు, ఒక మట్టి కోర్టు, నలభై రెండు మంది కబడ్డీ పిల్లలు. పొద్దున్న ఐదింటికి లేచి గట్టు మీద పరుగెడతారు, సాయంత్రం దాకా ఒకళ్ల మీద ఒకళ్లు పడి పట్లు పడతారు. వాళ్లు ఎంత తినేవారో నేనెప్పుడూ చూడలేదు. అది మా వంటమనిషి గంగరత్నం చూసుకునేది. ఆవిడకి పుస్తకం లేదు, ఒక సోల ఉంది, ఒక చెయ్యి ఉంది. సోలతో కొలిచి బియ్యం కడిగి, ఎసట్లో పోశాక, సంచిలోంచి ఇంకో గుప్పెడు తీసి "వచ్చేవాళ్లకి" అని పోసేది. వాళ్లమ్మ అలాగే పోసేదట. ఎవరో ఒకరు రానే వచ్చేవారు. కూతుర్ని చూసిపోదామని వచ్చిన తండ్రో, కరెంటు స్తంభం ఎక్కిన మనిషో. ఎవరూ రానిరోజు ఆ ముద్ద సత్యవేణి కంచంలో పడేది.

సత్యవేణి మా జట్టుకి కెప్టెన్. లంక గ్రామంలో కూలికి వెళ్లేవాళ్ల పిల్ల, పంతొమ్మిదేళ్లు. ఆ పిల్ల కూతకి వెళ్లిందంటే అవతలి కోర్టులో ఏడుగురూ వెనక్కి తగ్గాల్సిందే. ఊపిరి తెగదు, మాట తడబడదు. ఇంకో నెలన్నరలో మా కోర్టులోనే రాష్ట్ర జట్టు ఎంపికలు పెట్టారు. ఎంపికైతే జాతీయ శిబిరం, చదువు, తర్వాత ఏదో ఒక ఉద్యోగం. కాకపోతే ఈ ఏడాదితో వయసు దాటిపోతుంది, మళ్లీ లంకలో కలుపు తీతే. ఆ పిల్లకి ఇంకో దారి లేదు. ఈ సంగతి నాకు తెలుసు, గంగరత్నానికి తెలుసు. శాఖకి తెలియజేయడానికి ఏ ఫారమూ లేదు.

అనంతపద్మాకరం గారు ఆ ఏడాదే పద్దెనిమిది కిలోలు తగ్గారు. తగ్గితే తగ్గారు, సంతోషం. కానీ తగ్గిన మనిషి తన దారిన తాను ఉండడు కదా! ఫోనులో ఒక యాప్, చేతిసంచిలో అరచేయంత కాటా పెట్టుకుని జిల్లాలన్నీ తిరగడం మొదలుపెట్టారు. మా వంటశాలలో అడుగుపెట్టగానే ఒక అరటిపండు తీసుకుని తొక్కతో తూచారు, తొక్క వలిచి తూచారు, తొక్కని విడిగా తూచారు. మూడూ కూడి చూసి, రెండు గ్రాములు ఎక్కడికి పోయాయని నన్నే అడిగారు.

"మేడం, ఇన్నేళ్లుగా మీరు వడ్డిస్తున్నది అన్నం కాదు, అంచనా. ప్రెసిషన్ లేని పోషణ పోషణే కాదు," అన్నారు.

నేను తలాడించాను. మా శాఖలో ఉద్యోగానికి కావలసిన మొదటి అర్హత అదే.

మర్నాటికల్లా గోడకి చార్టు ఎక్కింది. "అన్నం: పూటకి ఒక్కొక్కరికి 150 గ్రాములు. శక్తి: 525 క్యాలరీలు." వడ్డించే బల్ల మీదికి ఎర్ర అంకెల కాటా ఒకటి వచ్చింది. కంచం దాని మీద పెట్టాలి, అంకె నూట యాభైకి రాగానే చెయ్యి ఆపాలి.

గంగరత్నం ఒక హస్తం అన్నం వేసింది. రెండోది సగం వెయ్యకముందే అంకె నిండిపోయింది. ఆవిడ కంచం వంకా, కాటా వంకా చూసి, కాటాని అరచేత్తో ఒకటిచ్చింది. అంకె మారలేదు.

"ఇదేంటండమ్మా! ఇది మా ఇంట్లో పిల్లి తినేత్తాది."

సత్యవేణి కంచం అందుకుని, "రత్నమ్మత్తా, ఇది ఉప్పు చూడ్డానికా?" అంది. పిల్లలందరూ ఘొల్లున నవ్వారు. ఆ వారంలో వాళ్లు నవ్వడం అదే ఆఖరు.

నాలుగో రోజుకి నాకు ఒళ్లు మండి, పాతకాలం పోషకాహారం లెక్కల పుస్తకం ఒకటి వెతికి చూశాను. అయ్యా, 525 క్యాలరీలు ఉండేది నూట యాభై గ్రాముల పచ్చి బియ్యంలో! ఉడికాక అవే బియ్యం నాలుగు వందల గ్రాముల అన్నం అవుతాయి. మేం పిల్లలకి పెడుతున్నది దాంట్లో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ. వెంటనే ఉత్తరం రాశాను: "చార్టులో చెప్పిన 150 గ్రాములు పచ్చి బియ్యమా, ఉడికిన అన్నమా? దయచేసి తెలుపగలరు." నా ఉద్యోగజీవితం మొత్తంలో నేను చేసిన ఒకే ఒక నేరం ఆ ఉత్తరం.

జవాబు వచ్చింది. "తమరు లేవనెత్తిన అంశము విధానపరమైనది. 150 గ్రాములు అనగా పచ్చివా, ఉడికినవా అను విషయము పరిశీలనలో ఉన్నది. నిర్ణయము వెలువడు వరకు పిల్లలు ప్రస్తుతము తినుచున్నదే తినవలెను. ముందుగా ఎక్కువ తిన్నచో తిరిగి రాబట్టుట కష్టసాధ్యము."

ఆ పరిశీలన కోసం ముగ్గురు సభ్యులతో 'పచ్చి-ఉడుకు నిర్ధారణ కమిటీ' దిగింది. ఛైర్మన్ గారు పొయ్యి దగ్గర కుర్చీ వేయించుకున్నారు. కిలో బియ్యం తూచి, దగ్గరుండి వండించి, మళ్లీ తూచారు. రెండు కిలోల ఏడు వందలు వచ్చింది. ఆయన మొహం నల్లబడింది.

"కిలో ఇచ్చాం. మిగతా కిలో ఏడు వందలు ఎక్కడ్నుంచి వచ్చాయమ్మా?"

"నీళ్లండి బాబూ," అంది గంగరత్నం.

"ఏ నీళ్లు? ఎవరి అనుమతితో కలిపావు?"

"నీళ్లు పొయ్యకుండా అన్నం ఎలా ఉడుకుద్దండి?"

"ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదు," అని ఆయన రాసుకున్నారు.

తర్వాత కోడికూర. కిలో మాంసం వండితే ఏడు వందల గ్రాములైంది. ఈసారి ఛైర్మన్ గారు కుర్చీలోంచి లేచి, గంగరత్నం కొంగు వంక అనుమానంగా చూశారు. మూడు కిలోల తోటకూర ఉడికి చిన్న గిన్నెడైపోయేసరికి, సభ్యుల్లో ఒకాయన వెళ్లి వంటింటి కిటికీ ఊచలు లాగి చూసొచ్చారు. సాయంత్రానికి గంగరత్నం చేతికి మెమో వచ్చింది. అన్నములో 1,700 గ్రాములు అక్రమముగా చేర్చినందుకును, కోడికూరలో 300 గ్రాములు అక్రమముగా తగ్గించినందుకును సంజాయిషీ ఇవ్వవలెను. ఒకే మనిషి ఒకే పొయ్యి మీద ఒకే పూటలో కలిపినదీ ఆవిడే, కాజేసినదీ ఆవిడే.

అంతటితో పోయిందా? మర్నాడు ఎసట్లో బియ్యం పోస్తూ, అలవాటు కొద్దీ ఆఖర్న గుప్పెడు పోసింది. ఛైర్మన్ గారు "ఆగు!" అని కేకేశారు.

"ఆ గుప్పెడు ఎవరి పేరున?"

"వచ్చేవాళ్ల పేరునండి."

"వాళ్ల పేరేంటి?"

"వత్తే కదండీ తెలిసేది!"

"పేరు తెలియని వ్యక్తికి ముందుగానే క్యాలరీలు కేటాయించావన్నమాట," అని ఆయన ఆవిడ చేత ఐదుసార్లు గుప్పిట్లో బియ్యం తీయించి తూపించారు. సగటున ముప్పై ఎనిమిది గ్రాములు. ఆ ముప్పై ఎనిమిది గ్రాములు ఇకపై నిషేధం. వార్చిన గంజి కూడా నిషేధం, ఎందుకంటే గంజిలోకి ఎవరి క్యాలరీలు ఎంత కారిపోతున్నాయో చెప్పగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ఆట అయ్యాక పిల్లలు ఉప్పు, మజ్జిగ కలుపుకుని ఆ గంజే తాగేవారు. ఇప్పుడది కాలవలోకి పోయింది.

కమిటీ తీర్పు పదకొండు పేజీలు. సారం ఇది. పచ్చివని వాదించేవారినీ, ఉడికినవని వాదించేవారినీ కాదనలేము, కాబట్టి ఉభయులకూ న్యాయం చేయాలి. ఒక్కొక్క పిల్లకి నూట యాభై గ్రాముల పచ్చి బియ్యం తూచి, ఆమె నంబరు రాసిన గుడ్డసంచిలో పోసి, మూతి కట్టి ఉడికించాలి. ఉడికాక సంచి విప్పి మళ్లీ నూట యాభై గ్రాములు తూచి వడ్డించాలి. మిగిలిన రెండు వందల యాభై ఐదు గ్రాములు ఉడకడంలో చేరిన నీరు గనుక, దానిని నీరుగా పరిగణించి తొలగించాలి.

నవ్వకండి. నేను నవ్వలేదు, సంతకం పెట్టాను.

వంటశాల మూలన నీలం రంగు డ్రమ్ము పెట్టించారు. దాని మీద తెల్ల పెయింటుతో 'నీరు' అని రాయించారు. రోజూ నలభై రెండు సంచులు విప్పడం, తూచడం, పిల్లకింత పెట్టి, మిగిలిన వేడివేడి అన్నాన్ని తీసుకెళ్లి ఆ డ్రమ్ములో పొయ్యడం. సాయంత్రం డ్రమ్ముని తూచి రిజిస్టరులో 'నీరు: ఇన్ని కిలోలు' అని రాసి, పక్క వీధిలో గేదెలవాళ్లకి ఇచ్చెయ్యడం. పిల్లల కళ్ల ముందే జరిగేది ఇదంతా. గేదెలు మాత్రం నిగనిగలాడాయి. ఒక గేదె రెండు లీటర్లు ఎక్కువిస్తోందని ఆసామి వచ్చి నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

మూడోవారంలో సత్యవేణి కూత తెగింది. అవతలి గీత దాకా వెళ్లింది, గొంతులో మాట ఆగిపోయింది, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అలా కూలబడింది. కింద పడ్డ పిల్లని ఎవరూ పట్టలేదు, పట్టాల్సిన అవసరమే లేకపోయింది. నేను ఆఫీసు గదిలోకి పరుగెత్తి అనంతపద్మాకరం గారికి ఫోన్ చేశాను.

"సార్, పిల్ల పడిపోయింది సార్."

"ఎన్ని గంటలకి?"

"ఇప్పుడే సార్. ఆకలి సార్ అది. పిల్లలందరూ మూడేసి కిలోలు తగ్గిపోయారు."

"వెరీ గుడ్! అందరూ ఒకేలా తగ్గారంటే పంపిణీలో పక్షపాతం లేదన్నమాట. ఆ గ్రాఫ్ నాకు పంపించండి మేడం."

ఫోన్ పెట్టేశాను. ఆయన మీద ఎంత కోపమొచ్చిందో, ఆ ఫోన్‌కి 'అలాగే సార్' అన్న నా నోటి మీద అంతకి రెట్టింపు వచ్చింది. ఛీ, ఇరవై తొమ్మిదేళ్లు ఏం కాపలా కాశాను నేను?

సాయంత్రం సత్యవేణి వంటశాల గుమ్మంలోకి వచ్చింది. పెదాలు ఎండిపోయాయి. మూల ఉన్న డ్రమ్ము వంక చూసింది, దాని మీద రాసింది చదివింది.

"మేడం, ఆ నీళ్లు కొంచెం తాగొచ్చా?"

గంగరత్నం కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది. నేను తాళాలగుత్తి తీసుకుని, స్టోరులో చింతపండు డబ్బాలు లెక్కపెట్టడానికి వెళ్లాను. అక్కడ ఉన్నది రెండు డబ్బాలే. ఆ రెండిటినీ అరగంట సేపు లెక్కపెట్టాను. తిరిగొచ్చేసరికి డ్రమ్ములో అన్నం మధ్య గుంట పడింది, సత్యవేణి గుమ్మం పక్కన కూర్చుని పచ్చడి అంటిన వేళ్లు నాక్కుంటోంది.

రిజిస్టరులో ఏం రాయాలి? డ్రమ్ములో ఉన్నది నీరని శాఖే నిర్ణయించింది. నీరు తగ్గింది. కాబట్టి 'ఆవిరైనది' అని రాశాను. మర్నాడు ఆరుగురు పిల్లలు వచ్చారు, ఆ మర్నాడు నలభై రెండు మందీ వచ్చారు. ఆ రోజు రిజిస్టరులో 'పూర్తిగా ఆవిరైనది' అని రాసి సంతకం చేశాను. నా సర్వీసులో నేను మనస్ఫూర్తిగా చేసిన సంతకం అది.

కానీ ఆ ఆవిరి అంకెలు పైకి వెళ్లాయి. వెళ్లవూ! రెండ్రోజుల్లో డైరెక్టరు గారు కారు దిగారు. మూతపెట్టిన డ్రమ్ము చుట్టూ రెండుసార్లు తిరిగారు. చెయ్యి పెట్టి చూశారు, వాసన చూశారు. అన్నం మెతుకు ఒకటి అంచుకి అంటుకుని ఉంటే దాన్ని గోటితో తీసి కాటా మీద పెట్టారు. కాటా ఏమీ చూపించలేదు.

"పదకొండు కిలోల నీరు నాలుగు గంటల్లో, మూత కింద నుంచి ఆవిరైందా?"

"ఎండలు సార్," అన్నాను.

ఆయన ఆకాశం వంకా, డ్రమ్ము మూత వంకా చూశారు. ఆ మొహంలో సందేహం ఏమైనా మొలుస్తుందేమోనని నేను ఆశగా చూశాను. కాదు, వెలుగొచ్చింది.

"మేడం, తప్పు మీది కాదు. ఎండదీ కాదు. తప్పంతా వంటదే! పచ్చి బియ్యం ఇవాళ తూచినా, రేపు తూచినా ఒకటే. పొయ్యి ఎక్కిన క్షణం నుంచీ ఏదీ నిలకడగా ఉండదు. వండడమే లోపానికి మూలం."

ఉత్తర్వు ఆ రాత్రే తయారై పొద్దున్నకల్లా వచ్చింది. "ఇందుమూలముగా సదరు వసతి గృహములో వంట రద్దు చేయడమైనది. ప్రతి పూట ప్రతి బాలికకు 150 గ్రాముల పచ్చి బియ్యము, 50 గ్రాముల పచ్చి కందిపప్పు, 100 గ్రాముల కూరగాయలు పొట్లము కట్టి, పేరు రాసి జారీ చేయవలెను. జారీతో శాఖ బాధ్యత సమాప్తము. అటు పిమ్మట బాలిక ఆ పదార్థముతో ఏమి చేసుకొనునది ఆమె వ్యక్తిగత విషయము. వంట లేనందున వంటమనిషి పోస్టు మిగులుగా గుర్తించి రద్దు చేయడమైనది."

గంగరత్నం ఆ కాగితాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది.

"నన్ను పొమ్మన్నారాండమ్మా?"

"గేటు దాటి పొమ్మన్నారు రత్నమ్మా. అంతకన్నా ఎక్కువ దూరం రాయలేదు."

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. సోల కొంగులో చుట్టుకుని గేటు దాటింది. ప్రహరీ గోడ చుట్టూ నడిచి, వెనకవైపు కాలవగట్టు మీద మూడు ఇటుకలు పెట్టి, వాళ్లింటి నుంచి పెద్ద గుండిగ తెచ్చి ఎక్కించింది. మధ్యాహ్నం పన్నెండింటికి నలభై రెండు మంది పిల్లలు తమ వ్యక్తిగత విషయాన్ని పొట్లాల్లో పట్టుకుని, వెనక గోడ సందులోంచి బయటికెళ్లి ఆ గుండిగలో గుమ్మరించారు. తూచేవాడు లేడు, తొలగించేవాడు లేడు. గంగరత్నం ఆఖర్న తన సంచిలోంచి ఒక గుప్పెడు తీసి పోసింది. ఆ రోజు పిల్లలు తిన్న తీరు చూసి నాకు కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. గంజి కూడా ఒక్క చుక్క మిగల్చలేదు.

ఉత్తర్వు ఇచ్చినవాడి తెలివితక్కువతనం ఆఖరి మెట్టు ఎక్కితే గానీ మా పిల్లలకి బువ్వ దొరకలేదన్నమాట. గేదెల ఆసామి మాత్రం వచ్చి నామీద కోప్పడి పోయాడు.

రెండువారాలు. ఎంపికల రోజు రానే వచ్చింది. సత్యవేణి ఆఖరి కూతకి వెళ్లింది. నేను నా ఊపిరి బిగబట్టి లెక్కపెడుతున్నాను, నాది అయిపోయింది, ఆ పిల్లది అవలేదు. ఎడమ మూల ఇద్దరిని తాకింది, వెనక్కి తిరుగుతూ ఇంకొకర్ని కాలితో తాకింది, నాలుగో పిల్ల నడుం పట్టుకుంటే ఆ పిల్లని కూడా ఈడ్చుకుంటూ గీత దాటింది. గోడ మీదెక్కి చూస్తున్న గంగరత్నం వేసిన ఈల కాలవ అవతలికి వినబడి ఉంటుంది. సెలెక్టర్లు జాబితాలో రాసిన మొదటి పేరు మా సత్యవేణిదే.

డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. ఇది పచ్చి జారీ పద్ధతి సాధించిన విజయమనీ, వచ్చే నెల నుంచి అన్ని జిల్లాల్లోనూ పొయ్యిలు ఆర్పేస్తామనీ గంటన్నర చెప్పారు. దిగేసరికి రెండున్నర. జారీ పొట్లాలు నలభై రెండే, నలభై రెండు పేర్ల మీదే. ఆయన పేరు మీద పొట్లం లేదు. చార్టులో వచ్చినవాళ్లకి గడే లేదు.

వెనక గోడ మీంచి పప్పులో ఇంగువ వాసన వచ్చింది. ఆయన ఆ వాసన పట్టుకుని గోడ సందులోంచి బయటికి నడిచారు. నేను వెనకాల వెళ్లాను, ఈ దెబ్బతో నా మిగిలిన నెలలూ గోవిందా అనుకుంటూ. పిల్లలు గట్టు మీద బారుగా కూర్చుని తింటున్నారు. గంగరత్నం ఆయన్ని చూసింది. ఒక పీట వాల్చి, విస్తరి వేసి, "కూకోండి బాబూ, ఎండన పడి వచ్చారు," అంది.

కూర్చున్నారు. ఒకసారి పెట్టించుకున్నారు, రెండోసారి పెట్టించుకున్నారు, మూడోసారికి ఆయనే విస్తరి ముందుకు జరిపారు. చేతిసంచిలోని కాటా సంచిలోనే ఉంది. చెయ్యి కడుక్కున్నాక మాత్రం అలవాటు పోక అడిగారు.

"ఇది ఎవరి పేరున వండిందమ్మా?"

"వచ్చేవాళ్ల పేరునండి. రోజూ గుప్పెడు ఎక్కువ పోత్తాను. ఇయ్యాల తమరొచ్చారు."

ఆయన గుండిగ వంకా, ఆవిడ చేతి వంకా చూశారు. ఒక మనిషి నా కళ్లముందే మారిపోయాడని నేను సంబరపడ్డాను. నా పిచ్చి గానీ!

పది రోజులకి ఉత్తర్వు వచ్చింది. "రాష్ట్ర జట్టు ఎంపికలో సాధించిన ఫలితమునకు, గుప్పెడు అను అదనపు పరిమాణమునకు గల సంబంధము గుర్తించడమైనది. సదరు గుప్పెడును ప్రామాణీకరించి అన్ని జిల్లాలకు ఇనుప గుప్పిళ్లు సరఫరా చేయవలెను. అచ్చు నిమిత్తము గంగరత్నం అను వ్యక్తి కుడి పిడికిలి కొలతలు తీసుకొనవలెను. ఆమె ప్రస్తుతము శాఖకు చెందని వ్యక్తి గనుక పిడికిలి మినహా మరేమియు స్వీకరించరాదు."

మర్నాడు ముగ్గురు వచ్చారు. ఒకాయన దగ్గర టేపు, ఒకాయన దగ్గర సుద్దపిండి బకెట్టు, పెద్దాయన దగ్గర కాటా. ఉద్యోగం ఊడినా గట్టు మీద వండుతూనే ఉన్న గంగరత్నం దగ్గరికి తీసుకెళ్లి విషయం చెప్పాను. ఆవిడ మసి చేతిని పైటకి తుడుచుకుంది. పిడికిలి బిగించి, పెద్దాయన ముక్కు ముందు పెట్టింది.

"పచ్చిది తూత్తారా బాబూ, ఉడకబెట్టి తూత్తారా?"

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఉత్తర్వు కాగితం తిరగేసి చూశారు, వెనకాల కూడా ఏమీ రాసి లేదు. పెద్దాయన ఫోన్ తీసుకుని, పైవాళ్లని అడిగి వస్తానని గోడ సందులోంచి లోపలికి వెళ్లారు.